పళ్ళున్న ముసలివాళ్ళకే కార్డు

ఒక పెద్ద అడవిలో చెట్లకంటే ఆఫీసులు ఎక్కువ. పుట్టలో పాముకీ, తొర్రలో గుడ్లగూబకీ కూడా ఏదో ఒక సీటు ఉండేది. సీటు లేనివాళ్ళు పని చేసేవారు. అలా పని చేసినవాళ్ళలో గవరయ్య అనే అడవిదున్న ఒకడు. ఇరవై ఏళ్ళు సర్కారు బండి లాగి, వయసు నిండిందని రిటైరయ్యాడు.

సన్మానం ఘనంగానే చేశారు. మెడలో దండ వేశారు. గవరయ్య మృగరాజుగారే ఎదురుగా ఉన్నారనుకుని ఎండు మొద్దుకి వంగి దండం పెట్టాడు. అందరూ పగలబడి నవ్వారు. గవరయ్య కూడా నవ్వేశాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి.

కొంగ డాక్టరు ముక్కుతో రెప్ప ఎత్తి చూశాడు.

"మూడు పున్నములు దాటితే ఇక నేనేమీ చేయలేను. చల్లనినీడ కార్డు పట్టుకురా. మర్నాడే ఆపరేషను."

చల్లనినీడ అంటే రిటైరైన జీవాలకు ఉచితంగా వైద్యం చేయించే పథకం. దాంట్లో పేరు రాయించుకోవడానికి గడువు కూడా రిటైరయ్యాక మూడు పున్నములే.

"కార్డు లేకుండా కుదరదా బాబూ?"

"కుదురుతుంది. కానీ చేసిన మర్నాడు ఈ సీట్లో నేనుండను," అన్నాడు కొంగ డాక్టరు.

మర్నాడు పొద్దున్నే గవరయ్య పెళ్ళాం నరసమ్మ తోక పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. హెడ్ గుమాస్తా జంబూనాథం జాతికి నక్క. అతని పక్కన రిజిస్టరు ముందేసుకుని ముంగిస ముకుందం కూర్చున్నాడు.

"నోరు తెరు," అన్నాడు జంబూనాథం.

గవరయ్య కంగారు పడ్డాడు. ఇన్నేళ్ళూ సర్కారు తనని నోరు మూసుకోమనే చెప్పింది. తెరవమనడం ఇదే మొదలు.

"వయసు పళ్ళు చూసి కట్టాలి. అది రూలు," అన్నాడు జంబూనాథం.

"పళ్ళు చూసి కొనుక్కోడానికి ఇదేమన్నా సంతేటి బాబూ?" అంది నరసమ్మ.

"సంతలో అయితే బేరం ఉంటుందమ్మా. ఇక్కడ బేరాల్లేవు." జంబూనాథం గవరయ్య నోట్లోకి తొంగి చూశాడు. "పైవరస ముందు పళ్ళేవీ? ఎప్పుడు ఊడాయి?"

"ఊడలేదు బాబూ. అసలు రాలేదు. మా దున్నజాతికే పైన ముందు పళ్ళుండవు."

జంబూనాథం ఫారం తిరగేశాడు. ఆ ఫారం తయారుచేసిన కమిటీ మృగరాజుగారి నోరొక్కటే చూసి రాసింది. అందులో 'రాలేదు' అనే గడి లేదు.

"అయితే మీ జాతికి పళ్ళు రావని మీ జాతిపెద్ద చేత రాయించుకురా."

"జాతిపెద్దని నానే బాబూ."

"ఎవరికి వారు రాసుకుంటే చెల్లదు. సరే, కిందివరస చూద్దాం. రెండే ఉన్నాయి! ఎనిమిదీ ఉంటేగానీ ఎంత అరిగాయో తెలీదు. అరుగుదల తెలియందే వయసు తెలీదు."

"ముసిలోణ్ణయ్యే ఊడిపోనాయి బాబూ!"

"కావచ్చు. ఆ సంగతి పళ్ళు చెప్పాలి. నువ్వు చెబితే ఎలా?"

ఇలా తిరగడంలోనే ఒక పున్నమి పోయింది. కాళ్ళరిగాయి గానీ, కాళ్ళ అరుగుదలకి ఫారంలో గడి లేదు. రెండో పున్నమి వెళ్ళాక ఆఫీసు గుమ్మంలో మాల్యాద్రి అనే కోతి తగులుకున్నాడు. ఫారాలు నింపిపెట్టడం, దారులు చూపించడం అతని వృత్తి.

"ఏం పెద్దాయనా, పళ్ళే కదా వాళ్ళడిగేది? ఇస్తే పోలా?" అన్నాడు.

అంకుడు కర్ర చెక్కి, పైనా కిందా రెండు వరసలు చేసి, బంకతో అంటించాడు. నరసమ్మ మొగుడి మొహం చూసి, "పెళ్ళినాడు కూడా ఇంత బాగులేవు మావా," అంది. గవరయ్యకి సిగ్గేసింది. ఆశ కూడా పుట్టింది.

జంబూనాథం ఈసారి సంతోషంగా తొంగి చూశాడు. ఒక్కో పన్నూ కొలిచాడు. పట్టిక తీసి సరిచూశాడు.

"దివ్యంగా ఉన్నాయి. ఒక్కటీ అరగలేదు. రాసుకో ముకుందం, వయసు నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళా! నాకు అయిదేళ్ళ మనవడున్నాడు బాబూ!"

"అది మీ ఇంటి సంగతి. మధ్యలో ఆఫీసు ఎందుకు? నాలుగేళ్ళవాడివి రిటైరెలా అయ్యావయ్యా? సర్కారునే మోసం చేస్తావా? రేపట్నుంచి బండికి రా."

గవరయ్య పళ్ళు ఊడబీకి బల్లమీద పెట్టాడు. "చూడండి, కర్రవి!"

"రికార్డులోకెక్కిన పళ్ళు పీకడం నేరం. పెట్టుకో."

గవరయ్య మళ్ళీ కాడి కిందకి వెళ్ళాడు. మూడో పున్నమి బండి లాగుతుండగానే వెళ్ళిపోయింది. దాంతోపాటు ఎడమకన్నూ పూర్తిగా వెళ్ళిపోయింది. నరసమ్మ ఏడిచింది. ఏడవకుండా ఏం చేస్తుంది? రెండు నెలల కిందట పావుగంట పనితో నిలబడే కన్ను అది.

తరవాతి వారమే చల్లనినీడ పథకం వార్షికోత్సవం. 'అడవిలో కార్డు లేని ముసలిప్రాణి లేదు' అన్న బోర్డు బండికి కట్టి, జంబూనాథం పైన నిలబడ్డాడు.

"బాబూ, నాకు దారి అగుపడదు," అన్నాడు గవరయ్య.

"నాలుగేళ్ళ కోడెవి, చూపు లేకపోవడమేమిటి? పద!"

పదమన్నాడు కాబట్టి గవరయ్య పోయాడు. బండి వాగుగట్టు దిగి బండలమీద బోర్లా పడింది. జంబూనాథం నడుం విరిగింది. నోట్లో ఒక్క పన్ను మిగల్లేదు. నడుం విరిగినవాడు సీటుకి పనికిరాడని అతన్ని రిటైర్ చేశారు. బండి విరగ్గొట్టాడని గవరయ్యనీ ఇంటికి పంపారు.

పది రోజుల తరవాత గవరయ్య, గడువు పెంచమనే అర్జీతో క్యూలో నిలబడి ఉండగా వెనకనించి మూలుగు వినిపించింది. గొంతు పట్టి ఆనవాలు కట్టాడు. జంబూనాథం. సీట్లో ఇప్పుడు ముకుందం.

"నేనెవరో తెలుసుగా ముకుందం! కార్డియ్యవయ్యా. కొంగ ముట్టుకోనంటున్నాడు. నొప్పితో చచ్చిపోతున్నాను."

"తెలియకేం గురువుగారూ! నోరు తెరవండి. అయ్యో, ఒక్కటీ లేదే! పళ్ళు లేందే వయసు కట్టకూడదని మీరేగా నేర్పారు."

గవరయ్య సంచీలోంచి కర్రపళ్ళు తీసి మెల్లిగా నక్క చేతిలో పెట్టాడు.

"ఇవెట్టుకోండి బాబూ. మీ ఆఫీసు ఒప్పుకున్న పళ్ళే."

ఈ పళ్ళు ఏం చేశాయో జంబూనాథానికి తెలియదా? తెలుసు. కానీ నొప్పి ముందు తెలివెక్కడ ఆగుతుంది? పెట్టుకున్నాడు. ముకుందం కొలిచాడు, పట్టిక చూశాడు, పాత రిజిస్టరు తిరగేశాడు.

"రికార్డు ప్రకారం ఇవి నాలుగేళ్ళ దున్న పళ్ళు. మీరే ధ్రువీకరించారు. బండికి కొత్త ఎద్దు దొరక్క అవస్థ పడుతున్నాం గురువుగారూ. రేపు పొద్దున్నే వచ్చి కాడి ఎత్తుకోండి."

సన్మానం తరవాత గవరయ్య మళ్ళీ నవ్వింది ఆ రోజే.

నీతి: వైద్యం కార్డు కావాలంటే, పళ్ళు గట్టిగా ఉన్నప్పుడే ముసలివాళ్ళయిపోవాలి.