సిమ్ముకు తావు లేని ఫోన్

ఆ శుక్రవారం పొద్దున జయరాముడి ఆలోచన చాలా చిన్నది. సంగటి తిని, అంగడి తెరిచి, రాబోయే ఫోన్ల గురించి వచ్చేపోయే వాళ్ళతో తీరిగ్గా మాట్లాడుకోవాలి. నల్లమాడ బస్టాండు పక్కన అతనికి సెల్‌ఫోన్ల అంగడి ఉంది. ఉన్న ఫోన్లు అమ్మడం కంటే ఇంకా పుట్టని ఫోన్ల జాతకాలు చెప్పడం అతనికి ఇష్టం. కెమెరాను ఏ మూలకు జరుపుతారు, ధర ఎంత పెంచుతారు, పెట్టెలో చార్జర్ పెడతారా ఎగ్గొడతారా, అన్నీ వీడియోల్లో చూసి ముందే చెప్పేసేవాడు. చెప్పింది జరగకపోతే నిలదీసి అడిగిన వాళ్ళు లేరు. ఊరికి అదొక కాలక్షేపం.

నిలదీసే మనిషి ఒక్కతే, అదీ ఇంట్లోనే ఉంది. అతని పెండ్లాం హేమావతి ఫోన్ అద్దం ఏనాడో పగిలింది. వేలికి గీరుకోకుండా ఆమె పుట్టింటికి ఫోన్ చేసిన పాపాన పోలేదు. కొత్తది అడిగినప్పుడల్లా జయరాముడు, వచ్చేది ఇంకా బాగుంటుంది, ధర ఇంకా తగ్గుతుంది అని దాటవేస్తూ వచ్చాడు. పిసినారితనమని అనుకునేరు, కాదు పాపం. నిజంగానే నమ్మేవాడు.

ఆ పొద్దున ఆమె సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టి తేల్చి చెప్పింది. "ఈ పొద్దు మధ్యాన్నానికి నాకు ఫోన్ రావాల. లేదంటే ఎదురంగడి రాజేంద్ర కాడ కొనుక్కుంటా."

జయరాముడు తుంచిన ముద్దను మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేశాడు. ఫోన్లు అమ్మేవాడి పెండ్లాం రోడ్డు దాటి పోటీవాడి అంగట్లో ఫోన్ కొంటే, ఇక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరిగినట్టే.

"అంత మాటనొద్దు హేమా. షోకేసులో పచ్చ ఫోనుండాదే, అది నీదే అనుకో. కాకపోతే నెల ఆగినావంటే కొత్తది వస్తాంది. దాంట్లో సిమ్ పెట్టే తావే ఉండదంట. ధర కూడా సగమే అంటాండారు."

"సిమ్ము లేకుండా ఎట్ల పనిచేస్తాది?"

"అదే కదా డిజైను."

"నాకు డిజైనూ వద్దు, గిజైనూ వద్దు. మధ్యాన్నం వస్తా, ఆ పచ్చది తీసిపెట్టు."

అతను అటు పోగానే హేమావతి పక్కింటి తిరుపాలమ్మ దగ్గర తన గోడు వెళ్ళబోసుకుంది. "ఇంకమీదట ఫోన్లకు సిమ్ములే ఉండవంటక్కా. దానికోసరం కాసుకోని ఉండాడు ఈయప్ప."

తిరుపాలమ్మ ఆ మాటను మొగుడు తిప్పయ్యకు చేరవేసింది. అప్పుడు తిప్పయ్య టమోటా తోటకు నీళ్ళు పెడుతున్నాడు, ఇంట్లో నులకమంచం మీద పడుకుని. ఊళ్ళో చాలామందికిలాగే, అతని బోరు మోటరుకు జయరాముడు అమ్మిన స్టార్టర్ పెట్టెలో ఒక సిమ్ ఉంది. కరెంటు రాగానే ఇంట్లోంచి దానికి ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటరు తిరుగుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. ఆ పెట్టె వచ్చాకే అతను అర్ధరాత్రి చేనికి పోవడం మానేసి కంటినిండా నిద్రపోతున్నాడు.

తిప్పయ్య లేచి కూర్చున్నాడు. "ఫోన్లోనే సిమ్ము లేకపోతే, చేన్లో ఉండే సిమ్ము ఎవురితో మాట్లాడాల?"

ఆ ప్రశ్నకు తిరుపాలమ్మ దగ్గర జవాబు లేదు. వీధిలో ఎవరి దగ్గరా లేదు. జవాబు దొరక్కపోయేసరికి ప్రశ్న ఊరిమీద పడింది. ఓబులేష్ టీ అంగడి దగ్గర అది, సిమ్ములు అమ్మడమే ఆపేస్తున్నారట అయింది. పాల సెంటరు చేరేసరికి, పాత సిమ్ములు నెలాఖరుకు చచ్చిపోతాయట అయింది. పిండిమిషన్ దాటేసరికి, ఆ చచ్చిన సిమ్ము లోపలుంటే మోటరు కాలిపోతుందట అయింది. మోటరు కాలిపోతుందంటే రైతు కూర్చుంటాడా? చేలకు పరుగెత్తి స్టార్టర్ పెట్టెలు ఊడబీక్కొచ్చారు.

అంగట్లో జయరాముడు రాబోయే ఫోన్ ధర మీద వాదనలో ఉన్నాడు. చంకల్లో పెట్టెలతో వస్తున్న జనాన్ని చూసి, బేరాలు తగిలాయని మురిసిపోయాడు.

"ఏమప్పా జయరాముడూ, సిమ్ములు తీసేస్తాండారంట, నిజమేనా?" అడిగాడు తిప్పయ్య.

తన జోస్యం ఇంత దూరం పోయిందని జయరాముడికి ఛాతీ ఉబ్బింది. "నిజమే మామా. వచ్చే నెలే వచ్చేస్తాంది."

అంతే, బల్లమీద పెట్టెలు ధనధన పడ్డాయి. "ఇవి నువ్వే అమ్మినావు, నువ్వే పెట్టుకో" అన్నాడొకడు. "మళ్ళా రాత్రిపూట చేన్లో పండుకోవాల్నా? మా ఇంటిదానికి నువ్వే చెప్పు" అన్నాడు ఇంకొకడు. టమోటాలకు నీళ్ళు ఆగిపోయినాయని అందరూ ఒకేసారి అరిచారు.

తన మాట ఊరు తిరిగి ఏమైందో అప్పుడు తెలిసొచ్చింది జయరాముడికి. గబగబా బెంచీ ఎక్కాడు.

"నా మాట ఇనండప్పా. సిమ్ములేని ఫోన్ వచ్చినా మీ సిమ్ములకేమీ కాదు. అసలది వస్తాదో రాదో నాకే తెలీదు. ధర తగ్గుతాదనేది వట్టి గాలిమాట. నేను ముందుగా చెప్పినేటివి ఇంతవరకు ఒక్కటీ జరగలా. వచ్చేదానికోసరం కాసుకోని కూర్చునేటోడు ఎర్రోడు. ఈ పొద్దు అంగట్లో ఏదుంటే అదే మంచి ఫోను."

ఇన్నేళ్ళలో అతను చెప్పిన మాటల్లో జనం మనసారా నమ్మింది ఇదొక్కటే. నమ్మి ఊరుకున్నారా?

"అయితే రెండు సిమ్ములు పట్టే ఫోను ఇప్పుడే ఇయ్యప్పా. రేపు నీ మాట మళ్ళా మారితే మా గతేమి?" అన్నాడు తిప్పయ్య.

గండం గడిచిన సంతోషంలో జయరాముడు చేతికందిన ఫోనల్లా తీసిచ్చాడు. షోకేసు ఊడ్చినట్టయింది. తలెత్తి చూస్తే జనం వెనకాల హేమావతి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. వచ్చి చాలాసేపయినట్టుంది.

"కాసుకోని కూర్చునేటోళ్ళు ఎర్రోళ్ళంటివి. నేను ఎన్నాళ్ళు కూర్చుంటి?" అంది నిదానంగా. "నా పచ్చ ఫోను యాడ?"

జయరాముడు తిప్పయ్య జేబువైపు చూశాడు. తిప్పయ్య జేబుమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"హేమా, వచ్చే నెల..." అని మొదలుపెట్టి, జయరాముడు తన నోరు తానే మూసుకున్నాడు.

ఆమె రోడ్డు దాటింది. అంగడాయన పెండ్లామే ఆడ కొంటాందంటే ఆడనే మంచివి ఉంటాయని, ఫోన్ దొరకనివాళ్ళంతా ఆమె వెంట పోయారు. ఖాళీ అంగట్లో ఉండి ఏం చేయాలని జయరాముడూ పోయాడు.

హేమావతి ఎర్రది ఎంచుకుంది. చీలిక లేని అద్దం వెలగగానే నిలబడ్డచోటే తల్లికి ఫోన్ చేసి పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి జయరాముడికి సిగ్గయింది, సిగ్గును మించి హాయిగానూ అనిపించింది. ఈ పని ఎప్పుడో చేసుండాల్సింది అనుకున్నాడు.

"అన్నా, పైన గ్లాసు అంటించేది నాకు సరిగా రాదు. కొంచెం నువ్వు చూడు" అన్నాడు రాజేంద్ర.

జయరాముడు ఊరంతా చూస్తుండగా, పోటీవాడి బల్లమీద, ఒక్క బుడగ లేకుండా అంటించి ఇచ్చాడు. రాజేంద్ర జయరాముడి దగ్గరే గ్లాసుకు డబ్బులు తీసుకున్నాడు, అంటించినందుకు కూడా.