సుధీంద్ర ఇంట్లో రెండో సబ్‌వూఫర్

ద్వారకలో సుధీంద్ర ఇంటికి వెళ్ళినవాళ్ళకి మంచినీళ్ళకంటే ముందు దరువు అందుతుంది. మూలనున్న సబ్‌వూఫర్, అదే దరువు డబ్బా, ధనధనమంటే అలమారలో గ్లాసులు వణుకుతాయి, అతని ముఖం వెలిగిపోతుంది. ఆఫీసులో అతని మాటకి ఫైలు కూడా కదలదు కాబట్టి, ఇంట్లో గోడలు కదలడం గొప్ప ఊరట.

ఇప్పుడతనికి రెండోది కావాలి. ఊరికే కావాలంటే ఉమారాణి ఒప్పుకోదు కనక భార్య మీద ప్రేమ కురిపించాడు.

"ఉమా, డబ్బా ఒక్కటే ఉంటే దరువు గదంతా సమంగా పరుచుకోదు. నీ కుర్చీ దగ్గర అస్సలు వినపడదు. పాపం, ఇన్నాళ్ళూ నీకు అన్యాయం జరిగింది."

"అందుకేగా నేనక్కడ కూర్చునేది!"

ఇల్లు మొత్తమ్మీద ఆమె ప్రశాంతంగా వారపత్రిక చదువుకునే చోటు అదొక్కటే. సుధీంద్ర ఆ జవాబుని అంగీకారంగా లెక్కేసుకుని, కరోల్ బాగ్ నుంచి రెండో డబ్బాని ఆటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఆ సాయంత్రమే ఆమె కుర్చీ కూడా అదరడం మొదలెట్టింది.

"నా కుర్చీని వదిలెయ్యండి బాబూ!"

"ఇప్పుడు నీకూ సమాన హక్కు, ఉమా."

తర్వాతి ఆదివారం బాసు పద్మనాభాన్ని పిలిచాడు. ఆయనింట్లోనూ ఒక సబ్‌వూఫరుంది. రెండు వినిపించి ఆయన మనసు గెలిస్తే, ఏడాది చివర తన పని మీద ఆయన రాసే రిపోర్టు బాగుంటుందని సుధీంద్ర ఆశ. తీరా పాట పెడితే, దిండు మీద గరిటెతో కొట్టినట్టుంది.

"ఇదేనటయ్యా నీ రెండు?" అన్నాడు పద్మనాభం.

"ఒక్క నిమిషం సర్!"

దీనికో పద్ధతుంది. డబ్బాని మనం కూర్చునే చోట పెట్టి, మనం నేలమీద పాకుతూ దరువు ఎక్కడ బాగుందో వెతకాలి. డబ్బాకి అక్కడ చోటివ్వాలి. కాబట్టి బాసు లేచి నిలబడ్డాడు, డబ్బా సోఫాలో కూర్చుంది, సుధీంద్ర నాలుగు కాళ్ళ మీదకొచ్చాడు.

కూతురు నేహా గదిలోంచి తొంగి చూసింది. "మమ్మీ, పాపా కా కుఛ్ గిర్ గయా క్యా?"

"అవునే, పరువు పడిపోయింది. వెతుక్కుంటున్నారు."

పాకగా పాకగా దరువు దొరికింది, వంటింటి గుమ్మంలో.

"అక్కడే పెట్టుకోండి," అంది ఉమారాణి. "వంట కూడా మీరే చేసుకోండి."

సుధీంద్రకి తల కొట్టేసినట్టయింది. "రెండోది దండగ సర్, ఒక్కటే మేలు. పోనీ, ఇది మీరుంచుకోండి," అని డబ్బాని తనే మోసుకెళ్ళి బాసు కార్లో పెట్టాడు.

వారం తిరక్కుండా పద్మనాభం ఫోను. "అద్భుతమయ్యా సుధీంద్రా! రెండూ కలిసి మా ఇల్లు ఊపేస్తున్నాయి. డబ్బా వెనక చిన్న మీట ఉందటగా! అది అటు తిరిగుంటే, ఒకటి నెట్టిన గాలిని రెండోది లాగేసుకుని దరువు చచ్చిపోతుందట. ఉమారాణిగారు మా ఆవిడకి చెప్పబట్టి సరిపోయింది!"

సుధీంద్ర ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. ఆమె తన కుర్చీలో హాయిగా పత్రిక చదువుకుంటోంది.

"ఆ మీట నువ్వే తిప్పావా?"

"షాపుకి ఫోన్ చేసి, 'భయ్యా, ఈ రెండింటి నోరూ మూయించే ఉపాయం ఉందా' అనడిగాను. పాపం, మంచివాడు, వెంటనే చెప్పాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"అంత శ్రద్ధగా పాకుతుంటే మధ్యలో అడ్డం రావడం దేనికని."

"నా డబ్బా నాకు కావాలి, ఉమా!"

"వెళ్ళి అడగండి. మీ రిపోర్టు రాసే మనిషి ఇంట్లోంచి ఇచ్చిన వస్తువు ఎలా లాక్కొస్తారో నేనూ చూస్తాను."

సుధీంద్ర బుర్ర గోక్కున్నాడు. ఎవరూ అడక్కుండానే లేచి వెళ్ళి, మిగిలిన ఒక్క డబ్బా చప్పుడు కూడా తగ్గించి వచ్చాడు.