మటన్ మాస్టారి శాకాహార విందు

ఆ రోజు పొద్దున మటన్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా కొట్టు కట్టేయాలి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకోవాలి, సాయంత్రం కాబోయే వియ్యాలవారితో కలిసి భోంచేయాలి, నోరు మూసుకోవాలి. మొదటి మూడూ ఆయన సొంత ఆలోచనలు. నాలుగోది భార్య చేర్చింది.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మనిషి కాదు. వీధి చివర మాంసం కొట్టు ఆయనది. తొడ ముక్క దేనికి పనికొస్తుందో, మెడ ముక్క ఎంతసేపు ఉడకాలో పాఠం చెప్పనిదే ఎవరికీ పొట్లం చేతికివ్వరు. అందుకని వీధివాళ్ళు పెట్టిన పేరది. కళ్ళు మూసుకుని నమిలినా ఏ ముక్క ఏ భాగంలోదో చెప్పగలనని ఆయనకి గట్టి నమ్మకం.

చిక్కంతా ఒక్క మొహమాటంతో మొదలైంది. పిల్లాడి తండ్రిది కళ్ళజోళ్ళ దుకాణం. భోజనానికి పిలుస్తూ ఫోన్ చేసి, ఏం తింటారని మర్యాదగా అడిగాడు. మాస్టారి భార్య అంతకంటే మర్యాదగా, "మాకేం పట్టింపుల్లేవండీ, ఆకులూ అలములూ పెట్టినా సంతోషంగా తింటాం" అంది. గంట తిరక్కుండా ఆయన మళ్ళీ ఫోన్ చేసి, శాకాహార మెక్సికన్ హోటల్లో బల్ల బుక్ చేశానన్నాడు.

"చూశారా! వాళ్ళు ముక్క ముట్టనివాళ్ళు" అంటూ ఆవిడ గుండెలు బాదుకుంది. "సంబంధం తెచ్చిన మా పిన్ని సొంత షాపు అని చెప్పి ఊరుకుంది. అదేం షాపో తెలిస్తే ఇంకేమన్నా ఉందా?"

"దాచి చేసుకునే పెళ్ళి నాకొద్దు నాన్నా" అంది కూతురు. అందే గానీ, ఆ అబ్బాయి మాట వచ్చినప్పుడల్లా ఆ పిల్ల మొహం వెలిగిపోవడం మాస్టారు చూస్తూనే ఉన్నారు. అందుకే నోరు మూసుకుంటానని ఒప్పుకున్నారు.

హోటల్లో గోడలకి పసుపు రంగు, బల్లల మీద ముళ్ళ మొక్కల కుండీలు. ముందుగా చిక్కుడు గింజల ముద్ద వచ్చింది. మాస్టారు దాన్ని మందు మింగినట్టు మింగారు.

"మీ షాపులో ఏం అమ్ముతారు బావగారూ?" అని అడిగాడు కళ్ళజోళ్ళాయన.

"తినే సరుకులండీ" అని భార్య అందుకుంది.

"తాజావేనా?"

మాస్టారికి ఆగలేదు. "ఎంత మాటండీ! పొద్దున నడిచొచ్చింది మధ్యాహ్నానికి తక్కెట్లో ఉంటుంది."

బల్ల కింద భార్య ఆయన కాలు తొక్కింది. "నడిచొచ్చేది సరుకు తెచ్చే మనిషిలెండి" అని సర్దింది.

అప్పుడు టాకోలొచ్చాయి. మొక్కజొన్న రొట్టె మడతలో ఎర్రగా, పీచుపీచుగా ఏదో కూర. మాస్టారు ఒక ముక్క కొరికారు. నమలడం ఆపారు. మళ్ళీ నమిలారు. సందేహం లేదు. ఇది మాంసం.

ఎదురుగా పిల్లాడి పక్కన కూర్చున్న అతని తల్లి తన టాకోని నోటి దాకా తెచ్చింది. మాస్టారికి చెమట పట్టింది. నోరు తెరిస్తే కూతురి సంబంధం పోతుంది. తెరవకపోతే ఏ పాపం ఎరగని ఆ తల్లి వ్రతం పోతుంది. ఆయన కూతురి వైపు ఒక్కసారి చూసి, లేచి నిలబడ్డారు.

"తినకండి అక్కగారూ! అది మాంసం!"

పక్క బల్ల పెద్దావిడ నోట్లోది రుమాల్లోకి ఊసేసింది. వెనక బల్లవాళ్ళు కుర్చీలు జరుపుకుని లేచారు. గుమ్మంలో వేచి ఉన్నవాళ్ళు అటు నుంచి అటే వెళ్ళిపోయారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"మాంసమని మీకెలా తెలుసండీ?"

"నాది మాంసం కొట్టయ్యా! ఊహ తెలిసినప్పట్నుంచీ నాకొచ్చిన పని అదొక్కటే. ఇది మేక తొడ, సన్న సెగ మీద ఉడికించారు." మాస్టారు వియ్యాలవారి వైపు తిరిగారు. "మీ దగ్గర దాచడం మా తప్పే. సంబంధం వద్దనుకుంటే మీ ఇష్టం. తెలిసి తెలిసి మీ చేత మాంసం తినిపించలేను."

భార్య తల పట్టుకుంది. ఇంతలో వంటావిడ లోపల్నుంచి విసురుగా వచ్చి, సగం కోసిన పచ్చి పనసకాయని ఆయన ముందు దబ్బున పెట్టింది.

"ఇదిగోండి మీ మేక. తొడ ఎక్కడుందో చూపించండి."

మాస్టారు ముక్క చిదిమి చూశారు, వాసన చూశారు, కుర్చీలో కూలబడ్డారు. సంబంధంతో పాటు విద్య కూడా పోయింది.

కళ్ళజోళ్ళాయన తన జోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "బావగారూ, అయితే మీరు మాంసం తింటారా?"

"తింటామండీ" అన్నారు మాస్టారు నీరసంగా.

"అయ్యో రాత!" అని పిల్లాడి తల్లి టాకో కింద పెట్టేసింది. "ఆకులూ అలములూ తింటామని వదినగారంటే మీరు శాకాహారులనుకున్నాం కదండీ! వారం రోజులుగా మా ఇంట్లో ముక్క ఉడకలేదు. మీరొస్తే వాసనొస్తుందేమోనని పరదాలు కూడా ఉతికించాను."

అందరికంటే ముందు నవ్వింది కూతురే. ఆ తర్వాత పిల్లాడు, తర్వాత అందరూ. వంటావిడ మాత్రం మాస్టారి చేయి పట్టుకుని వదల్లేదు. తన వంటకి అంత గొప్ప మెప్పు ఆమెకి జన్మలో దొరకలేదు.

వచ్చే ఆదివారం భోజనం తమ ఇంట్లోనేనని మాస్టారు అక్కడికక్కడే ప్రకటించారు. పోయిన పరువు దక్కించుకోవాలని మేలైన తొడ ఏరి, దగ్గరుండి వండించారు. కళ్ళజోళ్ళాయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని తృప్తిగా నమిలాడు.

"అమోఘం బావగారూ! ఆ వంటావిడ పనసకాయ ఎక్కడ కొంటుందో మీకు చెప్పిందా?"

ఆ రోజు నుంచీ మాస్టారు ఎముక కనబడితే గానీ ఏ ముక్కనీ మాంసమని నమ్మరు.