ఐదో నంబరు పాట, ముప్పై ఒకటో బల్ల

లోకంలో రాజ్యాలు చాలా రకాలుగా నడిచాయి. వాటన్నిటిలో ఏ లోపమూ లేకుండా నడిచేది పారిస్‌లో సంగీతం ఉన్న పెద్ద బ్రాసరీ, అంటే భోజనశాల, ఒక్కటే. అక్కడ మనిషి ఎక్కడ కూర్చోవాలో, ఎన్నింటికి ఆకలి వేయాలో, ఏ నిమిషానికి ఆనందపడాలో ముందే రాసి ఉంటుంది. తిరుగుబాటు జరిగిన దాఖలా లేదు. (ఒకసారి ఎవరో పొరుగు దేశపు పెద్దమనిషి కాఫీని, తీపి వంటకాన్ని ఒకేసారి తెమ్మన్నాడట. ఆయన మళ్లీ కనిపించలేదు.)

నేను వెన్న టోకు వ్యాపారిని. ఇరవై ఆరేళ్లుగా బ్రాసరీ వోక్లెర్‌కి వెన్న, మీగడ పోస్తున్నాను. అక్కడ చేప చచ్చాక కూడా ఈదుతూనే ఉంటుంది, నా వెన్నలో. నత్త అందులోనే మునుగుతుంది, బంగాళాదుంప అందులోనే ఒళ్లు చేస్తుంది. ఆ ఇంట్లో వెన్న అంటకుండా బల్ల మీదికి వచ్చేది బిల్లు ఒక్కటే. అయినా ఇరవై ఆరేళ్లలో నేను ముందు తలుపు గుండా లోపలికి వెళ్లలేదు. సరుకు వెనక సందులోంచి పోతుంది, సరుకు తెచ్చినవాడూ అటే. అందులో నాకు చిన్నతనం కనిపించలేదు. అది దగ్గరి దారి.

ఈ జూన్‌లో ముందు తలుపుతో పనిపడింది. కారణం నా భార్య ఒడెట్ ఎడమ చెవి. కుడి చెవి ఆరేళ్ల కిందటే కొట్టు కట్టేసింది. ఎడమది చలికాలం దాకా లాక్కొస్తుందని డాక్టరు చెప్పాడు. తర్వాత యంత్రం పెడతారు. మాటలు వినిపిస్తాయి గానీ అకార్డియన్ మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉంటుందని ఆయనే ఒప్పుకున్నాడు. ఒడెట్ తండ్రి మార్న్ నది ఒడ్డున ఆదివారాలు నాట్యశాలల్లో అకార్డియన్ వాయించేవాడు. ఆట ముగించేటప్పుడు ఎప్పుడూ ‘పడవవాడి వాల్ట్జ్’ అనే మూడు దెబ్బల నాట్యపాట ఎత్తుకునేవాడు. దాన్ని మనిషి వాయిస్తుండగా ఇంకొక్కసారి తన చెవితో వినాలని ఆమె కోరిక. ఇంట్లో రికార్డు ఉంది కదా అన్నాను. “రికార్డుకి ఊపిరి ఉండదయ్యా,” అంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె నన్ను అడిగినవి మూడో నాలుగో. బేరమాడే సరుకు కాదని అర్థమైంది.

వోక్లెర్‌లో కోరిన పాట వాయిస్తారు. దానికి యాప్‌లో ‘గీత నివేదన పత్రం’ ఉంది. భోజనానికి ఎనిమిది రోజుల కంటే ముందు పంపితే తొందరపాటు కింద, నాలుగు రోజుల లోపు పంపితే నిర్లక్ష్యం కింద తోసిపుచ్చుతారు. పాట ఎందుకు కావాలో చెప్పాలి: పుట్టినరోజు, పెళ్లిరోజు, పెళ్లి ప్రస్తావన, ఉద్యోగ విరమణ. చెవి అనే కారణం జాబితాలో లేదు. పెళ్లిరోజు అని నొక్కాను. (మా పెళ్లి ఫిబ్రవరిలో అయింది. యాప్ పెళ్లికి రాలేదు కనుక నమ్మింది.)

జవాబు వచ్చింది. ముప్పై ఒకటో బల్ల, సాయంత్రం ఏడు గంటలకు. రెండో విడత వారికోసం తొమ్మిదింటికి ఖాళీ చేయాలి. పాట నంబరు ఐదు, సుమారు ఎనిమిది నలభైకి. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో మాట: ‘నివేదించిన గీతము బల్లకు చెందును, వ్యక్తికి కాదు.’ వ్యాపారిని కనుక చిన్న అక్షరాలే ముందు చదువుతాను. చదివి నవ్వుకున్నాను. అది నా మొదటి పొరపాటు.

ముప్పై ఒకటో బల్ల ఒక పాలరాతి స్తంభం వెనక దాక్కుని ఉంది. ఒడెట్‌కి ఇచ్చిన కుర్చీ ఆమె కుడి చెవిని సరిగ్గా వాద్యాల వైపు తిప్పింది. మేం కుర్చీలు మార్చుకున్నాం. మా వెయిటరు రెమొం అది చూసి, ఆ కుర్చీ ముస్యూ పేరున, అంటే నా పేరున, ఉందని మెల్లగా చెప్పాడు. వంటకాలు కుర్చీ నంబరును బట్టి వస్తాయట. అందువల్ల నేను అడిగిన పేగుల వేపుడు ఒడెట్ ముందుకు, ఆమె చేప నా ముందుకు వచ్చాయి. పళ్లేలు మార్చుకోబోతే రెమొం బాధతో కళ్లు మూసుకున్నాడు. ఆయన కళ్లు మూసి ఉన్నంతలో ఒడెట్ పని కానిచ్చేసింది.

స్తంభానికి అవతల, వాద్యాల వైపు, నాలుగు బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ల వెన్నకు ఎంతో కొంత బరువుంటుందనుకుని ముస్యూ వాల్‌మొరేని పిలిపించాను. ఆయన సంగీతసహిత భోజన సమన్వయాధికారి. ఆ ఖాళీ బల్లలు ఖాళీగా ఉండటానికి కేటాయించినవని వివరించాడు. గది నిండిపోయినట్టు కనిపిస్తే గొప్పవాళ్లు రారట. నేనెవరో గుర్తు చేశాను.

“మీ వెన్న నాకు బాగా తెలుసు ముస్యూ దెలబార్. చాలా మంచి వెన్న. దానికి నేనెప్పుడూ చోటు లేదనలేదు.”

ఎనిమిదిన్నర దగ్గరపడినా ఇంకా మూడో నంబరు పాటే సాగుతోంది. పుట్టినరోజులకు ముందు వరస. ఆ సాయంత్రం నాలుగు పుట్టినరోజులు వచ్చాయి, వాటిలో రెండు ఒకే మనిషివి. ఆపైన వాద్యకారులకు నియమం ప్రకారం పదకొండు నిమిషాల విశ్రాంతి. అకార్డియన్ ఆయన ఆ పదకొండు నిమిషాలూ రొట్టెకి నా వెన్న పూసుకుంటూ గడిపాడు. ఒడెట్ మాత్రం ఆయన చేతుల్నే చూస్తూ కూర్చుంది. వేళ్లు బాగున్నాయి, బొటనవేలు తన తండ్రిదిలా వెడల్పుగా ఉందంది.

ఇప్పుడు నా రెండో పొరపాటు. ఈ నగరంలో బిల్లు అడగడానికీ అది రావడానికీ మధ్య ఇరవై నిమిషాలు పడుతుంది. అడగకుండా తెస్తే గెంటినట్టు, అడిగిన వెంటనే తెస్తే ఎప్పుడెప్పుడు పోతారా అని కాచుకున్నట్టు. అందుకని బిల్లును పెరుగులా తోడుపెట్టి వదిలేస్తారు. అనుభవం ఉన్నవాడు తీపి బల్ల మీదికి రాగానే అడిగేస్తాడు. మా నాన్న అలాగే అడిగాడు, నేనూ నలభై ఏళ్లుగా అలాగే అడుగుతున్నాను. నాలుగో పాట మొదలైంది, తీపి వచ్చింది. ఐదో పాట తీరిగ్గా విని తొమ్మిదింటికి లేవొచ్చని లెక్క వేసుకుని బిల్లు అడిగాను.

బిల్లు నిమిషంలో వచ్చింది.

నా చెంచా ఇంకా నోట్లోనే ఉంది. బిల్లు వెనక మా కోట్లు వచ్చాయి. కోట్ల వెనక వాల్‌మొరే వచ్చాడు.

“శుభ సాయంత్రం, మదామ్.”

మేమింకా తింటున్నామని చెప్పాను.

“బిల్లు అడిగిన అతిథి వెళ్లిపోయిన అతిథి, ముస్యూ. రెండో విడత ఉన్న రోజుల్లో అది నియమం. యాప్ లెక్కలో మీరిప్పుడు ఇక్కడ లేరు.”

“మరి మా పాట?”

“దానికేం ఢోకా లేదు. తప్పకుండా వాయిస్తారు. బల్లకి.”

ఒడెట్ ఎడమ చెవి ఆయన వైపు తిప్పి, ఎంతసేపట్లో అని అడిగింది. నాలుగు నిమిషాల్లో అన్నాడు. పోనీ ఆ గోడవార నిలబడి వింటానంది.

“నిలబడేవారికి విడత లేదు మదామ్,” అన్నాడు. నిజంగా బాధపడ్డాడు. (వాళ్లకు అందులో శిక్షణ ఇస్తారు.)

సంగీత రుసుముతో సహా చెల్లించి లేచాం. మేం కోట్లు తొడుక్కునేలోపే వెచ్చగా ఉన్న మా కుర్చీల్లో రెండో విడత జంట సర్దుకుంది.

బయట ఇంకా పొద్దు ఉంది. ఒడెట్ మెట్రో వైపు నడిచింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని పక్క సందులోకి తిప్పాను.

“ఇటెక్కడికి?”

“నా తలుపుకి.”

వెనక తలుపు దగ్గర బకరీ పొగ తాగుతున్నాడు. పదకొండేళ్లుగా అక్కడ గిన్నెలు కడుగుతున్నాడు, రోజూ తెల్లవారుజామున నా సరుకు దింపుకునేది ఆయనే. ఒడెట్ పట్టుగౌనును, నా ముఖాన్ని మార్చి మార్చి చూశాడు.

“ఏం షావుకారూ, గెంటేశారా?”

“బిల్లు అడిగాను.”

“రెండో విడత ఉన్న రోజా? ఇరవై ఆరేళ్ల నుంచి వస్తున్నావు, ఆ మాత్రం తెలీదూ? అది రాజీనామా కాగితం ఇచ్చినట్టు.”

చెవి సంగతి చెప్పాను. ఆయన సిగరెట్ ఆర్పేశాడు. నా పేరు అచ్చేసిన ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి, తన తువ్వాలుతో తుడిచి ఒడెట్‌ని కూర్చోబెట్టాడు. లోపలికి వెళ్లి వంటగదికీ హాలుకీ మధ్య తలుపు తీసి, అది మూసుకోకుండా పది కిలోల వెన్న డబ్బా అడ్డం పెట్టాడు. సందు వైపు తలుపును భుజంతో ఆపి నిలబడ్డాడు.

ఐదో నంబరు పాట మొదలైంది. గిన్నెల చప్పుడు, వంటవాళ్ల తిట్లు, వాటి మధ్యగా అకార్డియన్ సన్నగా వచ్చింది. ఒడెట్ ఎడమ చెవి తెరిచిన తలుపు వైపు పెట్టి కళ్లు మూసుకుంది. మోకాలి మీద ఆమె వేలు ఒకటి, రెండు, మూడు వేస్తోంది. తెరిచిన తలుపుల గుండా నాకు ముప్పై ఒకటో బల్ల ఓ మూల, మా కుర్చీల్లో ఆ జంట కనిపించారు. అతను నత్తలకు ఫోటో తీస్తున్నాడు. అతని పక్కనున్నావిడ రెమొంని పిలిచి స్పీకర్ల వైపు చూపిస్తూ అరచెయ్యి కిందికి కిందికి ఆడించింది. రెమొం వినయంగా రాసుకున్నాడు.

అప్పుడు వాల్‌మొరే వచ్చాడు.

“ముస్యూ దెలబార్, వెనక సందుకి శ్రవణ సదుపాయం లేదు.”

సగం పాటే మిగిలిందన్నాను.

“మీరంటే మాకు గౌరవం. రేపు తెల్లవారుజామున ఈ తలుపు మీకోసమే తెరిచి ఉంటుంది.”

బకరీని గిన్నెల దగ్గరికి పంపాడు. వెన్న డబ్బాను బూటుతో పక్కకు జరిపాడు. తర్వాత సందు వైపు ఇనప తలుపును, ఆమెకు తగలకుండా, చాలా మర్యాదగా మూశాడు.

రెండు చెవులూ బాగున్న నాకు ఇంకేమీ వినిపించలేదు. ఒడెట్ వేలు మాత్రం ఆగలేదు. కళ్లు మూసుకునే ఉంది. ఒకటి, రెండు, మూడు. ఒకచోట నెమ్మదించింది, తర్వాత గబగబా పరుగెత్తింది, ఆగింది. కళ్లు తెరిచింది.

“చివర్లో తొందరపడ్డాడు,” అంది. “మా నాన్నా అంతే. ఆఖరి పడవ అందుకోవాలని.”

అవునన్నాను.

ఆ సాయంత్రం వోక్లెర్‌లో తను కోరిన పాట చివరిదాకా విన్న అతిథి ఆమె ఒక్కతే. ఈ సంగతి నేను సంస్థకు తెలియజేయలేదు. తెలిస్తే రేపటి నుంచి దానికీ ఒక పత్రం ఉంటుంది.