వెళ్లని జపాన్‌కు వీడ్కోలు

ఆ ఉదయం నక్షాలు గీసే అమ్మాయి వేసుకున్న పథకంలో ఎక్కడా వంకర లేదు. మధ్యాహ్నం సెలవు పెట్టాలి. ఇంటికెళ్లి తలుపేసుకుని, కంప్యూటర్‌లో ఇంటర్వ్యూకి కూర్చుని జపాన్ ప్రొఫెసర్లు అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఫీజు మాఫీ ఇస్తే అక్కడ పైచదువు, లేకపోతే ఇక్కడే ఈ స్కేలూ ఈ బల్లా. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే నాన్న జీతానికి అందే విదేశీ చదువు అదొక్కటేనని ఎన్నాళ్లుగానో వెతికి తేల్చుకుంది. సీటు వచ్చాక చెప్పొచ్చులెమ్మని ఆయనకు కూడా చెప్పలేదు.

ఆఫీసులో ఇంజనీరు ఫోన్లో ఎవరికో సిమెంటు విషయమై చీవాట్లు పెడుతున్నాడు. అందుకని అకౌంటెంటుతో చెప్పింది.

"బాబాయిగారూ, మధ్యాహ్నం నుంచి నేనుండను. జపాన్ పనుంది. సార్‌కి కాస్త చెప్పండి."

అకౌంటెంటు బుర్రలో అంకెలు నిలిచినట్టు మాటలు నిలవవు. "సార్, మనమ్మాయి మధ్యాహ్నం జపాన్ వెళ్లిపోతోంది," అని చెప్పేశాడు.

ఇన్నాళ్లూ పనిచేసి ఒక్క మాటైనా చెప్పలేదే అని ఇంజనీరు మనసు చివుక్కుమంది. అయినా పెద్దమనిషి. పక్క షాపు నుంచి చక్రాల పెట్టె తెప్పించాడు. మధ్యాహ్నం ఆమె సంచి సర్దుకోబోతుంటే అందరినీ హాల్లోకి పిలిచి, తలుపు మూయించి ఉపన్యాసం అందుకున్నాడు.

"సార్, నేను వెళ్లట్లేదండీ," అంది ఆమె.

"మా కోసం ఆగిపోకమ్మా," అన్నాడు ఇంజనీరు కళ్లు తుడుచుకుంటూ. "నీ సీట్లోకి మా మేనల్లుణ్ణి రమ్మన్నాను. నువ్వేం బెంగపెట్టుకోకు."

ఆమె తేరుకుని 'ఇంటర్వ్యూ' అనేలోపు ఆ మాట చప్పట్లలో కొట్టుకుపోయింది. ఈలోగా అకౌంటెంటు, శుభవార్త కదా అని ఆమె నాన్నకు ఫోన్ చేశాడు.

ఆయన డ్యూటీ మధ్యలో వదిలేసి, దారిలో ఇంటి దగ్గర ఆగి, జపాన్ సంగతి నీకైనా చెప్పిందా అని ఎదురింటావిడను కూడా నిలదీసి, గ్రీజు చేతులతోనే తలుపు తోసుకుని వచ్చాడు.

"నాతో ఒక్క మాట చెప్పకుండా పోతావుటే?" అంటూ వెళ్లి పెట్టె మీద కూర్చున్నాడు, అది కదలకపోతే కూతురూ కదలదన్నట్టు.

ఆమె ముందు నాన్నకు, తర్వాత ఇంజనీరుకు, ఆ తర్వాత, ఇంకా అర్థంకాని అకౌంటెంటుకు విడిగా వివరించింది. అందరికీ అర్థమయ్యాక ఇంజనీరు కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది. జపాన్ నుంచి వచ్చిన మెయిల్లో, ఇంటర్వ్యూకి హాజరుకాని వారిని ఈ ఏడాదికి పరిగణించలేమని ఎంతో మర్యాదగా రాసి ఉంది.

"పోనీలేమ్మా, రేపట్నుంచి మామూలుగా..." అనబోయి ఇంజనీరు ఆగిపోయాడు. మేనల్లుడు ఉన్న ఉద్యోగం మానేసి మరీ వచ్చి, ఆమె కుర్చీలో స్కేలు పట్టుకుని కూర్చున్నాడు. "ఏదైనా ఖాళీ వస్తే కబురు పెడతాలే," అన్నాడు నేల చూస్తూ.

పెట్టెను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నాన్న దాన్ని లాక్కుంటూ ముందు నడిచాడు. "వచ్చే ఏడు మళ్లీ చూద్దాం," అని ఒకసారన్నాడు.

ఇంటి గేటు దగ్గర ఎదురింటావిడ పెట్టెను చూసి నిలబడిపోయింది.

"అదేంటమ్మా, అప్పుడే వచ్చేశావా? ఎలా ఉంది జపాన్?"

"దూరమండీ," అంది అమ్మాయి.