మొదటి పేజీ ఫాదర్‌ది

అవినీతిని అంతం చేయడానికి చట్టాలు చాలవని, ఇక సినిమా తీయక తప్పదని మా మంత్రిగారు ఒక సోమవారం ఉదయం ప్రకటించారు. ఆ ప్రకటన టైపు చేసింది నేనే కనుక అందులో అచ్చుతప్పులు లేవని హామీ ఇవ్వగలను. భూములు, సంస్కృతి రెండు శాఖలూ ఆయనవే. పొద్దున భూములు చూసుకుని మధ్యాహ్నం సంస్కృతిని చూసుకుంటారు. ఇరవై రెండేళ్ళ నా స్టెనో సర్వీసులో అంత ఓపికున్న మనిషిని చూడలేదు.

కథ కూడా ఆయనదే. ఒక కేథలిక్ ఫాదర్ ఉంటాడు. చర్చి వెనక స్థలం మీద దుర్మార్గుడైన మంత్రి ఒకడు కన్నేస్తాడు. బహుమతులు పంపుతాడు, నాట్యకత్తెను పంపుతాడు, చివరికి రౌడీలను పంపుతాడు. ఫాదర్ దేనికీ లొంగడు. ఆఖర్న చర్చి గంట మోగుతుంది, మంత్రి జైలుకు పోతాడు. ఇదంతా చెబుతూ మంత్రిగారు రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నారు. నిర్మాత ఆయన బావమరిది. బావమరిదిగారు మాత్రం కళ్ళు తుడుచుకోలేదు.

"ఆ స్థలం ఎంతుంటుంది బావా?" అని అడిగారు.

మా ఊళ్ళో చర్చి ఒకటే, ఫాదరూ ఒక్కరే. సైకిలు చెయిను ఊడితే రోడ్డు పక్కన కూర్చుని తనే వేసుకునే మనిషి. చర్చి వెనక ఖాళీ స్థలంలో ఓ రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక సిస్టర్ ఉచితంగా మందులిస్తుంది, కట్లు కడుతుంది. మా అమ్మ కాలిపుండుకు మంగళవారం, శుక్రవారం కట్టు మార్చేది ఆవిడే. ఆ స్థలానికి పట్టా లేదు. దానికోసం ఫాదర్ పదకొండేళ్ళుగా మా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. మా ప్యూను ఆయన్ని చూసి గడియారం సరిచేసుకుంటాడు.

"సినిమా విడుదలయ్యాక పట్టా మీ చేతిలో పెడతాను ఫాదర్," అన్నారు మంత్రిగారు.

"నేనేం చేయాలి?"

"షూటింగుకి చర్చి ఇవ్వండి. కథ చదివి, సరిగ్గానే ఉందని ఒక సంతకం పెట్టండి. సాంకేతిక సలహాదారు అంటారు దీన్ని."

ఫాదర్ అరవై పేజీలూ మూడు రోజులు చదివారు. పెన్సిలుతో ఒకే ఒక్క తప్పు దిద్దారు. పాపసంకీర్తనంలో, అంటే జనం తమ పాపాలు ఫాదర్ చెవిలో ఒప్పుకునేటప్పుడు, విన్నది హీరో పోలీసులకు చెప్పేస్తాడట, ప్రాణం పోయినా అలా చెప్పకూడదట. తర్వాత మొదటి పేజీ మీద, "ఈ వెనక పేజీల్లోని కథ చదివాను, వాస్తవానికి దగ్గరగా ఉంది," అన్న వాక్యం కింద సంతకం చేశారు. నేను గుండ్రటి ముద్ర వేశాను.

ముద్ర పడిన పేజీని మళ్ళీ టైపు చేయకూడదన్నది మా ఆఫీసు నియమం. వెనక పేజీలు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. నేను మాత్రం ఏనాడూ జవదాటలేదు.

షూటింగు మొదలైంది. దర్శకుడికి యూనిట్లో 'కట్‌గారు' అని పేరు. మొదటి వారం హీరో బహుమతి తిరస్కరించే సీను. బావమరిదిగారు నిజం ఫ్రిజ్జే తెప్పించారు. హీరోకి తిరస్కరించడం అలవాటు లేదు, ఎంత చెప్పినా రావడం లేదు.

"ఫాదర్, మీరోసారి చేసి చూపించండి," అన్నాడు కట్‌గారు.

ఫాదర్ ఫ్రిజ్జు తలుపు తెరిచి చూశారు. "నాకెందుకండీ ఇది? షెడ్డులో ఎండకి మందులు పాడైపోతున్నాయి. సిస్టర్ దగ్గర పెట్టించండి," అని నవ్వి దానిమీద చెయ్యేశారు. స్టిల్ ఫోటోగ్రాఫరు ఆ నవ్వును చక్కగా పట్టుకున్నాడు.

చిక్కు విలన్ దగ్గర వచ్చింది. అవినీతి మంత్రి వేషానికి ఎవరిని అడిగినా ఉన్నట్టుండి నడుంనొప్పి వస్తోంది. వేషం ఎవరిలా ఉంటుందోనని అందరికీ భయం. మంత్రిగారు పెద్దమనసు చేసుకున్నారు. "మంత్రే ఎందుకయ్యా? కాంట్రాక్టర్ని చెయ్యండి." చేశాను. మర్నాడే కాంట్రాక్టర్ల సంఘం అధ్యక్షుడు వచ్చాడు.

"అవినీతి చేసే కాంట్రాక్టర్ని మీరెక్కడైనా చూశారా సార్?"

మంత్రిగారు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. గుర్తురాలేదు. విలన్ని ఆఫీసర్ని చేశాం. ఉద్యోగుల సంఘం నిరసనపత్రం ఇచ్చింది. నేనూ సభ్యుణ్ణే కనుక ఆ పత్రం కూడా నేనే టైపు చేశాను. చివరికి పార్టీ మహిళా విభాగం అధ్యక్షురాలు వచ్చింది.

"మా ఆడవాళ్ళు ఎవరినీ వలలో వేయరండీ. నాట్యకత్తెను తీసేయండి."

"మరి ఫాదర్‌కి ప్రేమలేఖ ఎవరు రాస్తారమ్మా?" అన్నాడు కట్‌గారు.

"ఆయన్నే రాయమనండి."

అలా నాట్యకత్తె లెక్చరరైంది. కథలో ఫాదర్ రాసిన ప్రేమలేఖను చదవకుండా వెనక్కి పంపింది.

ఆ సాయంత్రం కట్‌గారు మంత్రిగారి ఎదుట తల పట్టుకుని కూర్చున్నాడు. "సార్, లంచం ఉంది. ఇచ్చేవాడు లేడు. తీసుకోవాల్సినవాడేమో తీసుకోనంటున్నాడు. కథ ఎలా నడుస్తుంది?"

మంత్రిగారు టీ చల్లారేదాకా ఆలోచించారు. "ఏమయ్యా స్టెనో, ఫాదర్లకు సంఘం ఉందా?"

సంఘాల రిజిస్టరు తిరగేశాను. "లేదు సార్."

"అయితే ఆయన్నే తీసుకోమను."

ఎంత పెద్ద ముడి ఎంత తేలిగ్గా విప్పారో చూడండి. ఆ ఒక్క మాటతో కథ పరుగందుకుంది. ఫాదరే స్థలం అమ్మేస్తాడు. నీతిమంతుడైన మంత్రి ఒకాయన పట్టుకుంటాడు. ఈ వేషానికి మాత్రం నడుంనొప్పి ఎవరికీ రాలేదు, గేటు బయట క్యూ కట్టారు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక మంత్రిగారు తనే వేశారు. అరవై పేజీలూ కొత్తగా టైపు చేసి, మొదటి పేజీ వెనక కుట్టాను.

ఒకరోజు ఫాదర్ నన్ను చర్చి మెట్ల దగ్గర ఆపారు. "బాబూ, ఇవాళ హీరో నవ్వుతూ కాగితాల మీద సంతకం చేస్తున్నాడేమిటి?"

"సినిమా ముందువెనకలుగా తీస్తారు ఫాదర్."

"ఆఖర్న మారతాడా?"

"ఆఖరి పేజీ మళ్ళీ టైపు చేయమన్నారండీ. ఇంకా చేయలేదు."

అది నిజమే. ఆయన నమ్మారు. "మీ అమ్మగారి పుండు మానుతోందట, సిస్టర్ చెప్పింది," అని సైకిలెక్కి వెళ్ళిపోయారు. నాకు సిగ్గేసింది. ఆ పూట భోజనం సయించలేదు. అయితే ఆఖరి పేజీ మాత్రం సాయంత్రంలోగా పూర్తి చేశాను, పని పనే.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. జనం థియేటర్లో తెరమీది ఫాదర్ని తిట్టి, బయటికొచ్చి మంత్రిగారికి జేజేలు కొట్టారు. మా ఫాదర్ సినిమాలు చూడరు. వారం తిరక్కుండా సంస్కృతి శాఖ ఉత్తమ చిత్రం అవార్డు ప్రకటించింది. సభ మళ్ళీ సోమవారం ఉదయమే. సిబ్బంది కుటుంబాలకు ముందు వరుస పాసులిచ్చారు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టాను.

ఫాదర్‌కు ఉత్తమ సాంకేతిక సలహాదారు జ్ఞాపిక ఇచ్చారు. దానితోపాటు ఒక ఫైలు. పట్టా అనుకున్నారు కాబోలు, ఆయన ముఖం వెలిగింది. అక్కడే నిలబడి విప్పారు.

పైన భూముల శాఖ నోటీసు. స్థలం అమ్మకానికి పెట్టినట్టు ఫాదరే స్వయంగా సంతకం చేసి ధ్రువీకరించినందువల్ల, ప్రజల మేలుకోరి ప్రభుత్వం ఆ స్థలాన్ని షెడ్డుతో సహా ఇవాళే స్వాధీనం చేసుకుని, నిర్వహణ నిమిత్తం బావమరిదిగారికి అప్పగించింది. కింద సాక్ష్యాలు. గుండ్రటి ముద్ర ఉన్న మొదటి పేజీ, దాని వెనక అరవై పేజీలు, ఫ్రిజ్జు మీద చెయ్యేసి నవ్వుతున్న ఫోటో.

ఫాదర్ మైకు దగ్గరికి వచ్చారు. గొంతు పెద్దది చేయలేదు.

"ఈ మొదటి పేజీ నాదే. వెనక పేజీలు ఎవరివి?"

నేను కుర్చీలో కిందికి జారాను. మంత్రిగారు మాత్రం తొణకలేదు. మైకు తనవైపు తిప్పుకున్నారు.

"అడగాల్సిన ప్రశ్న అడిగారు ఫాదర్! తెరమీద కనబడేవాళ్ళనే పొగుడుతాం, కష్టపడి రాసినవాణ్ణి మరిచిపోతాం. ఆ పేజీలన్నీ మా స్టెనోవి! లేవవయ్యా!"

లేచాను. హాలు దద్దరిల్లింది. కాంట్రాక్టర్లు, ఉద్యోగులు, మహిళా విభాగం అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫాదర్ ఒక్కరే కొట్టలేదు. ఒక చేతిలో జ్ఞాపిక, ఒక చేతిలో ఫైలు, ఆయనకు చేతులు ఖాళీ లేవు.

అమ్మ లేవలేకపోయింది. అందరూ ఆపేశాక కూడా కూర్చునే చప్పట్లు కొడుతూ ఉంది. నేను పక్కన కూర్చోగానే చెవి దగ్గరికి వంగింది.

"రేపు మంగళవారం కదరా. కట్టు మార్చేటప్పుడు సిస్టర్‌కి చెబుతాను, మావాడికి హాలంతా చప్పట్లు కొట్టారని."