నెత్తిమీది బరువు

సగం రోజు సెలవు పెట్టయినా సరే, ఇవాళ హెడ్‌ఫోన్స్ కొనేయాలని అతను పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. కట్టుడుపళ్లు తయారుచేసే పని అతనిది. రోజంతా పళ్లు అరగదీసే మిషన్ కీచుమంటూ చెవుల్లో దూరుతుంది. ఇంటికొచ్చి కాసేపు పాటలు వినకపోతే ఆ కీచుమోత నిద్రలోకీ వచ్చేస్తోంది. ఉన్న హెడ్‌ఫోన్స్ చూస్తే ఇనపటోపీతో సమానం. కొత్తవి చవకలో ఏవి బాగుంటాయో తేల్చుకోలేక, ఫోన్‌లో బొమ్మలు చూసి చూసి కళ్లు వాచాయి. చివరికి ఇలాంటి వాటిలో ఆరితేరిన స్నేహితుడికి బాల్కనీలోంచి ఫోన్ చేశాడు.

"పాతదాన్ని ఇక భరించలేనురా," అన్నాడు అటూ ఇటూ తిరుగుతూ. "నెత్తినెక్కి కూర్చున్నట్టే ఉంటుంది. అరగంటకే తలనొప్పి. ఇవాళ దాన్ని ఇల్లు దాటించేస్తా. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెబితే ఇంకొన్నాళ్లు సర్దుకుపొమ్మంటుంది."

కిటికీకి అవతల గదిలో చీర మడతపెడుతున్న అతని అత్తగారి చెవిన ఆ మాటలు పడ్డాయి. కంటి ఆపరేషన్ చేయించుకుని, కోలుకునేదాకా కూతురింట్లో ఉందామని వచ్చింది. రోజూ చుక్కలమందు వేసేది ఆ అల్లుడే. "కాస్త తల పైకెత్తండి అత్తయ్యా" అని ఎంతో మర్యాదగా వేసే మనిషి తనను పట్టుకుని 'పాతది' అనేసరికి, ఆవిడకు ఆపరేషన్ కాని కన్ను కూడా మసకబారింది. చీరను బీరువాలో కాక సంచిలో పెట్టింది. బ్యాంకులో పనిచేసే కూతురికి ఫోన్ చేసి, "నేను వెళ్లిపోతానమ్మా. మీ ఆయన్ని మాత్రం ఏమీ అనకు," అంది.

ఏమీ అనకు అన్నాక ఏ కూతురు ఊరుకుంటుంది? విషయమంతా లాగి, మొగుడికి ఫోన్ చేసింది.

అతనప్పటికే షాపులో తంటాలు పడుతున్నాడు. ఒక జత చెవుల్ని పిండేస్తోంది. ఇంకోటి పెట్టుకుంటే గాయకుడు నూతిలోంచి పాడుతున్నట్టుంది. మూడోది ఒక చెవి నుంచి జరిపి ఫోన్ ఎత్తాడు.

"పాతదాన్ని ఇల్లు దాటించేస్తానన్నావా లేదా?" అంది భార్య.

ఇంత రహస్యం ఎలా పొక్కిందో అతనికి అర్థం కాలేదు. "అన్నాను. సాయంత్రం నీకు చెబుదామనే. ఇక్కడ పాతవాటిని తీసుకుంటున్నారు. ఏ స్థితిలో ఉన్నా పర్వాలేదట."

"తీసుకుని ఏం చేస్తారు?"

"పనికొచ్చే భాగాలు ఊడదీసుకుంటారు కాబోలు."

ఫోన్ కట్టయింది. సిగ్నల్ పోయిందనుకుని, అతను పాతది వాళ్లకిచ్చేసి ఆ మూడో జతకే బిల్లు వేయించాడు.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారు ఒళ్లో సంచితో సోఫా అంచున కూర్చుని ఉంది. హుటాహుటిన బస్సెక్కి వచ్చిన మామగారు ఆవిడ పక్కన నిలబడి ఉన్నాడు.

"మా అమ్మ నీకేం అపకారం చేసింది?" అంది భార్య.

"మీ అమ్మేమిటి?"

"నెత్తినెక్కి కూర్చుందా? భాగాలు ఊడదీయిస్తావా?"

అతనికి విషయం అర్థమయ్యేసరికి ముచ్చెమటలు పట్టాయి. గబగబా చేతిలోని పెట్టె విప్పి చూపించాడు. హెడ్‌ఫోన్స్‌నూ అతన్నీ మార్చి మార్చి చూసి, భార్య కుర్చీలో కూలబడింది. అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, "నేనే తొందరపడ్డాను బాబూ," అంది.

ఆ మాటతో అతని మనసు మరీ చివుక్కుమంది. "ముందు మీరే వినండి అత్తయ్యా," అంటూ కొత్త హెడ్‌ఫోన్స్ స్వయంగా ఆవిడ తలకు పెట్టి, అడిగిన పాత పాట వెతికి పెట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని తల ఊపింది. కాసేపటికి తనూ అందుకుంది. తన గొంతు తనకు వినబడదు కనక నిండుగా అందుకుంది. అసలు పాటకు ఒక మాట వెనకగా, ఒక మెట్టు పైగా. పై అంతస్తులో ఎవరో కిటికీలు మూసుకున్నారు.

ఆపమని చెప్పే ధైర్యం ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పాట వెనక పాట సాగింది. మధ్యలో ఒకసారి ఆవిడ కళ్లు తెరిచి, ఇంకో నెల ఉండి వెళ్తానని గట్టిగా ప్రకటించి, మళ్లీ మూసుకుంది.

అతను బాల్కనీలోకి పారిపోయాడు. అక్కడ మామగారు ముందే చేరి, చెవుల్లో తెల్లగా ఏదో కుక్కుకుని ఉన్నాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, ఆయన మెల్లగా అన్నాడు:

"నన్ను ముందే అడగాల్సింది బాబూ. దూది చవక."